ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో గోల్డ్ మీద పట్టు నిలుపుకోవడం ఎలా

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే కంప్యూటర్ వ్యూహ ఆటలో ఫుడ్, వుడ్, గోల్డ్, స్టోన్ పోగుచేసి ఊరూ సైన్యమూ కట్టుకోవాలి. పొలం అయిపోతే 60 వుడ్ పెట్టి మళ్లీ వేసుకోవచ్చు. అరేబియా లాంటి మ్యాప్‌లో కూడా చెట్లు ఆట ముగిసేదాకా ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటాయి. గోల్డ్, స్టోన్ అలా కాదు, తవ్వినకొద్దీ తరిగిపోతాయి. నైట్లు (గుర్రపు వీరులు), ఆర్చర్లు (విలుకాళ్లు), మాంకులు (సన్యాసులు), మంగోనెల్లు, ట్రెబుషేలు (రాళ్లు విసిరే యంత్రాలు) అన్నీ గోల్డ్ అడిగేవే. ఆట డార్క్, ఫ్యూడల్, క్యాసిల్, ఇంపీరియల్ అనే నాలుగు ఏజ్‌లుగా (దశలుగా) సాగుతుంది. క్యాసిల్ ఏజ్‌కి వెళ్లాలంటే 200, ఇంపీరియల్‌కి 800 గోల్డ్ కట్టాలి. అందుకే గోల్డ్ ఎవరి చేతిలో ఉంటే ఆట చాలావరకు వాళ్ల చేతిలో ఉన్నట్టే.

ఈ గైడ్ 2019లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్‌కి, అందులోనూ అరేబియా మీద ఒకరితో ఒకరు ఆడే ఆటకి రాసింది. సెకన్లు, నిమిషాలు అన్నీ ఆట గడియారం ప్రకారమే. ప్యాచ్‌లు వచ్చినప్పుడు ధరలు కాస్త అటూ ఇటూ అవుతుంటాయి. బటన్ మీద మౌస్ పెడితే ప్రస్తుత ధర కనిపిస్తుంది, ఒకసారి సరిచూసుకోండి.

ముందు లెక్క తెలుసుకోండి

ఒక్కో గోల్డ్ గడిలో 800 ఉంటుంది, స్టోన్ గడిలో 350. మీ టౌన్ సెంటర్ (ఊరి ప్రధాన భవనం) దగ్గరుండే మెయిన్ గోల్డ్‌లో 7 గడులు, అంటే 5600. ఇంకొంచెం దూరంలో చిన్న కుప్పలు ఉంటాయి. మ్యాప్ మధ్యలో ఎవరికీ చెందనివి మరికొన్ని.

అప్‌గ్రేడ్లు లేని విలేజర్ (తవ్వడం, కట్టడం లాంటి పనులు చేసే యూనిట్) సెకనుకి సుమారు 0.38 గోల్డ్ తవ్వుతాడు. ఎనిమిది మందిని పెడితే నిమిషానికి 180 వస్తుంది. ఆ లెక్కన మెయిన్ గోల్డ్ అరగంట వస్తుంది. పదహారు మందిని పెడితే పావుగంటే.

ఇప్పుడు ఇదే లెక్కని తిప్పి చూడండి. ఎదుటివాళ్లు మీ గోల్డ్‌ని ఎత్తుకుపోలేరు. మీ విలేజర్లని అక్కడ నిలబడనివ్వకుండా మాత్రం చేయగలరు. నలుగురు ఆర్చర్లు వచ్చి ఎనిమిది మంది విలేజర్లని ఒక్క నిమిషం పని మాన్పిస్తే, ఒక్కరూ చావకపోయినా మీకు 180 గోల్డ్ పోయినట్టే. ఒక ఆర్చర్‌కి 45 గోల్డ్ కాబట్టి, అది సరిగ్గా నలుగురు ఆర్చర్ల ఖర్చు. మీరు కాపాడాల్సింది ఈ తవ్వే సమయాన్ని. గోడ కట్టాలా, టవర్ పెట్టాలా, పారిపోవాలా, పోరాడాలా అన్న ప్రతి నిర్ణయాన్నీ ఈ కొలతతోనే తూచండి.

1. మొదటి ఐదు నిమిషాలు స్కౌట్‌ని ఇంటి చుట్టూ తిప్పండి

స్కౌట్ అంటే చుట్టుపక్కల చూసిరావడానికి పనికొచ్చే గుర్రపు యూనిట్. ముందు టౌన్ సెంటర్ చుట్టూ చిన్న చుట్టు, తర్వాత పెద్ద చుట్టు. గొర్రెలు మొత్తం 8 దొరకాలి: దగ్గర్లో నాలుగు, దూరంగా రెండు జతలు. ఒక్కో గొర్రెలో 100 ఫుడ్, అంటే ఇద్దరు విలేజర్ల ఖర్చు. మీ యూనిట్ ఏదీ పక్కన లేని గొర్రెని ఎదుటి స్కౌట్ వచ్చి తనవైపు తిప్పుకోగలదు. అందుకే కనిపించిన వెంటనే టౌన్ సెంటర్ కిందికి రప్పించండి, "తర్వాత తెచ్చుకుందాంలే" అనుకోవద్దు. (ఆటలో ఎంచుకునే జాతుల్లో ఒకటైన గుర్జరాలతో ఆడుతుంటే గొర్రెలని మిల్లులో దాచే వీలుంది, అక్కడినుంచి ఎవరూ తీసుకుపోలేరు, పైగా నెమ్మదిగా ఫుడ్ కూడా వస్తుంది.)

గొర్రెల కోసం తిరుగుతూనే ఇవి గమనించండి. మెయిన్ గోల్డ్ ఎదుటివాళ్ల వైపు ఉందా, మీ వెనక ఉందా? స్టోన్ ఎటుంది? చిన్న గోల్డ్ కుప్పల్లో ఏది లోపలికి, ఏది బయటికి ఉంది? గోల్డ్‌ని ఆనుకుని మిట్ట ఉందా?

ఆఖరి ప్రశ్నని చాలామంది పట్టించుకోరు. ఎత్తు మీదనుంచి కొట్టే యూనిట్‌కి 25 శాతం ఎక్కువ డ్యామేజ్, కింద నుంచి పైకి కొట్టేదానికి 25 శాతం తక్కువ. గోల్డ్ పక్కన మిట్ట ఉంటే ఎదుటివాళ్ల ఆర్చర్లు, టవర్ వచ్చి కూర్చునేది అక్కడే. ఆ చోటు మీద ముందు మీరే ఇల్లో బ్యారక్సో కట్టేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

ఆ తర్వాత స్కౌట్‌ని ఎదుటివాళ్ల ఊరికి పంపి వాళ్ల మెయిన్ గోల్డ్ ఎటుందో చూసి రండి. ఇది తర్వాత చాలా పనికొస్తుంది.

2. మైనింగ్ క్యాంప్ ఎక్కడ పెట్టాలి

తవ్విన గోల్డ్‌ని దించే ఈ క్యాంప్‌కి 100 వుడ్. గోల్డ్ గడులకి ఆనించి, మీ టౌన్ సెంటర్ వైపు పెట్టండి. అలా పెడితే విలేజర్లు ఎక్కువగా లోపలి వైపే నిలబడి తవ్వుతారు. బయటినుంచి వచ్చే స్కౌట్‌కీ నైట్‌కీ గోల్డ్ గడులే అడ్డం పడతాయి, చుట్టూ తిరిగి రావాలి. ఆ రెండు మూడు సెకన్లలో మీకు హారన్ వినిపిస్తుంది, స్పందించే వ్యవధి దొరుకుతుంది. బయటి వైపు పెడితే విలేజర్లు ఎదుటివాళ్ల ముందు నిలబడతారు, పారిపోవడానికి గోల్డ్ గడులు వాళ్లకే అడ్డమవుతాయి.

ఏ కుప్పని ముందు తవ్వాలన్నది ఇంకో ప్రశ్న. మీ సైన్యం బయట గట్టిగా నిలబడి ఉన్నప్పుడు దూరంగా, ప్రమాదంలో ఉన్న కుప్పని ముందు తవ్వండి. దగ్గరున్నది ఎక్కడికీ పోదు. ఒత్తిడిలో ఉన్నప్పుడు మాత్రం లోపలి కుప్ప. చాలామంది ఆట మొదటినుంచీ అలవాటుగా దగ్గరిదే తవ్వుకుంటూ పోయి, 35వ నిమిషంలో బలహీనంగా ఉన్నప్పుడు బయటికి వెళ్లాల్సిన పరిస్థితి తెచ్చుకుంటారు.

మెయిన్ గోల్డ్‌లో క్యాంప్ వైపు గడులు తరిగాక విలేజర్ల నడక పెరుగుతుంది. క్యాంప్‌కీ మిగిలిన గోల్డ్‌కీ మధ్య మూడు గడుల ఖాళీ కనిపిస్తే ఇంకో 100 వుడ్ పెట్టి కొత్త క్యాంప్ కట్టండి.

3. గోడ: ఎక్కడ కట్టాలి, ఎందుకు తెగుతుంది

పాలిసేడ్ (కర్ర గోడ) గడికి 3 వుడ్. ఇరవై గడుల గోడ అంటే 60, ఒక పొలం ధర. ఇల్లు 25 వుడ్‌కి రెండు గడుల వెడల్పు మూసేస్తుంది, ఎలాగూ జనాభా కోసం కట్టాల్సిందే కాబట్టి ఆ గోడ ఊరికే వచ్చినట్టు. అందుకని డార్క్ ఏజ్ నుంచే ఇళ్లని టౌన్ సెంటర్ పక్కన కుప్పగా కట్టకుండా, మెయిన్ గోల్డ్ నుంచి దగ్గరి అడవి దాకా గీత గీసినట్టు పేర్చండి. బ్యారక్స్, ఆర్చరీ రేంజ్ కూడా అదే గీతలోకి. మిగిలిన సందుల్ని ఫ్యూడల్‌కి వెళ్తున్నప్పుడు ఒకరిద్దరు విలేజర్లు పాలిసేడ్‌తో మూస్తారు. మీ సైన్యం వెళ్లిరావడానికి ఒక గేట్ ఉండాలి, పాలిసేడ్ గేట్ 30 వుడ్.

కట్టిన గోడలోకి మూడు దారుల్లో లోపలికి వస్తారు.

మొదటిది చెట్లు. అడవిని గోడలో భాగంగా వాడుకుంటే, మీ కలప కొట్టే విలేజర్లే కాసేపటికి దానికి కన్నం పెడతారు. రెండు వరసల పలుచని చెట్లుంటే ఐదారు నిమిషాల్లో దారి తెరుచుకోవచ్చు. లంబర్ క్యాంప్ దగ్గరున్న అడవిని గోడగా నమ్మకండి, నమ్మితే దాని వెనక ముందుగానే పాలిసేడ్ వేసి ఉంచండి.

రెండోది గోల్డ్, స్టోన్ గడులే. క్యాంప్, ఏడు గోల్డ్ గడులు, వాటి చివర పాలిసేడ్ కలిసి గట్టిగా మూసి ఉన్నట్టు కనిపిస్తాయి. చివరి గడిలో 800 తవ్వేయగానే ఆ గడి మాయమై ఖాళీ నేల మిగులుతుంది. సరిగ్గా ఆ క్షణానికి ఎదుటి నైట్లు గోడ చుట్టూ తిరుగుతుంటే మీ గోల్డ్ మీదకే నేరుగా దిగుతారు. గోడ చివరని ఏ గడికి ఆనించారో ఆ గడి మీద అప్పుడప్పుడు క్లిక్ చేసి ఎంత మిగిలిందో చూడండి. 200 కిందికి వచ్చిందంటే దాని వెనక రెండు పాలిసేడ్ ముక్కలు వేయండి. 6 వుడ్‌తో పోయే పని ఇది.

మూడోది గోడకీ చెట్టుకీ మధ్య ఐమూలగా మిగిలే సందు. కళ్లకి మూసినట్టే ఉంటుంది, యూనిట్ దూరుతుంది. నమ్మకం కావాలంటే మీ స్కౌట్‌ని గేట్ మూసి ఉండగా బయటి వైపుకి రైట్‌క్లిక్ చేయండి. దారి ఉంటే అది తనే వెతుక్కుని వెళ్తుంది, ఎక్కడ సందుందో మీకు చూపిస్తుంది.

గోడని కొడుతుంటే నోటిఫికేషన్ వస్తుంది. అప్పుడు లోపలి వైపు ఇంకో వరస వేస్తే చాలు. పునాది గీసినంత మాత్రాన అది ఎవరినీ ఆపదని గుర్తుంచుకోండి. విలేజర్ ఒక్క దెబ్బ వేశాకే అది గట్టిపడుతుంది, ఆ గడిలో యూనిట్ నిలబడి ఉంటే అసలు మొదలే కాదు. కాబట్టి ముందు ఎదుటివాళ్లకి దగ్గరగా ఉన్న ముక్క మీద దెబ్బ వేయించి, తర్వాత మిగతావి పూర్తి చేయండి.

4. మొదట ఇచ్చిన 200 స్టోన్

ఇక్కడ ఎక్కువమంది తొందరపడతారు. వాచ్ టవర్‌కి 125 స్టోన్. కడితే మీ దగ్గర 75 మిగులుతుంది. క్యాసిల్ ఏజ్‌లో కొత్త టౌన్ సెంటర్‌కి 275 వుడ్‌తో పాటు 100 స్టోన్ కావాలి. అంటే ఫ్యూడల్‌లో ఒక్క టవర్ కట్టినా, స్టోన్ తవ్వకుండా ఒక్క టౌన్ సెంటర్ కూడా పెట్టలేరు. టవర్ లేకుండా ఉంటే ఆ 200తో రెండు పెట్టొచ్చు.

నిజంగా గోల్డ్ మీద ఆర్చర్లు తిష్ఠ వేసి, స్కర్మిషర్లు (ఆర్చర్లని ఎదుర్కొనే ఈటెగాళ్లు) సరిపోకపోతేనే టవర్. కడితే గోల్డ్‌కి బయట కాకుండా క్యాంప్ పక్కనే కట్టండి. ఐదుగురు విలేజర్లు లోపలికి దూరతారు, వాళ్ల బాణాలు కూడా కలుస్తాయి, కొట్టేవాళ్లు వెళ్లగానే బయటికొచ్చి రెండడుగుల్లో తవ్వకం మొదలెడతారు. దూరంగా కట్టిన టవర్ ఒంటరిగా కాల్చుకుంటూ ఉంటుంది, మీ విలేజర్లు మాత్రం టౌన్ సెంటర్ దాకా పరుగెత్తాలి.

5. దాడి వచ్చినప్పుడు

ముందుగా లూమ్ అనే అప్‌గ్రేడ్. 50 గోల్డ్, 25 సెకన్లు. విలేజర్ ప్రాణం 25 నుంచి 40 అవుతుంది, బాణాలకి 2 కవచం వస్తుంది. ఆర్చర్ దెబ్బ 4. లూమ్ లేని విలేజర్ ఏడు బాణాలకి పోతాడు. లూమ్ ఉంటే ఒక్కో బాణం 2 మాత్రమే తీస్తుంది, ఇరవై బాణాలు కావాలి. ఎదుటివాళ్లు ఫ్లెచింగ్ (బాణాల అప్‌గ్రేడ్) చేసుకున్నాక కూడా 14. ఇంత తేడా 50 గోల్డ్‌తో ఇంకెక్కడా రాదు. ఫ్యూడల్ క్లిక్ చేసే ముందు తప్పక చేసుకోండి, విలేజర్లు చావడం మొదలయ్యాక చేస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఇక వచ్చినవాళ్లని బట్టి:

స్కౌట్లు వస్తే ఇద్దరు స్పియర్‌మెన్‌ని గోల్డ్ దగ్గర, ఒకరిని అడవి దగ్గర నిలబెట్టండి. ఒక్కొక్కరికి 35 ఫుడ్, 25 వుడ్, గోల్డ్ అక్కర్లేదు. వాళ్లని స్కౌట్ వెనక పరుగెత్తనివ్వకండి, గుర్రాన్ని నడిచి పట్టుకోలేరు. విలేజర్ల మధ్యలో నిలబడితే చాలు, స్కౌట్ వచ్చి దెబ్బ తినాల్సిందే.

ఆర్చర్లు వస్తే విలేజర్లతో ఎదురెళ్లకండి. దగ్గరికి వెళ్లేలోపే ఇద్దరు ముగ్గురు పోతారు. స్కర్మిషర్లు (25 ఫుడ్, 35 వుడ్) వచ్చేదాకా గోల్డ్ విలేజర్లని ఊరికి అవతలి వైపున్న అడవికి మళ్లించండి. ఇదే ఈ గైడ్‌లో గట్టిగా చెప్పదలచుకున్న మాట: టౌన్ సెంటర్‌లో దాక్కున్న విలేజర్ పని ఆగిపోతుంది, వేరే చోట కలప కొట్టే విలేజర్ పని ఆగదు. గోల్డ్ రాకపోయినా వుడ్ వస్తుంది, ఆ వుడ్‌తోనే స్కర్మిషర్లు వస్తారు. మళ్లించేముందు ఒక జాగ్రత్త ఉంది. చేతిలో ఉన్న గోల్డ్‌ని క్యాంప్‌లో వేయకుండా చెట్టు కొడితే ఆ గోల్డ్ పోతుంది. ఒక్కొక్కరు 10 దాకా మోస్తారు, ఎనిమిది మందికి 80. ముందు క్యాంప్ మీద రైట్‌క్లిక్, తర్వాత షిఫ్ట్ పట్టుకుని చెట్టు మీద రైట్‌క్లిక్.

నైట్లు వస్తే లూమ్ ఉన్న విలేజర్ కూడా ఐదు దెబ్బలకి పోతాడు. ఇక్కడ దాక్కోవడమే సరి. కానీ టౌన్ బెల్ కొట్టకండి. బెల్ కొడితే మ్యాప్ అవతల ప్రశాంతంగా ఉన్న కలప విలేజర్లు కూడా పనిమానేసి పరుగెత్తుకొస్తారు. టౌన్ సెంటర్‌లో పట్టేది 15 మందే, మిగిలినవాళ్లు బయట నిలబడి చస్తారు. కొట్టబడుతున్న గుంపునే మౌస్‌తో గీసి ఎంచుకుని, టౌన్ సెంటర్ మీద రైట్‌క్లిక్ చేయండి. ముప్పు తప్పాక బయటికి పంపేటప్పుడు తిరిగి పనికి పంపే బటన్ వాడితే ఎవరి పనికి వాళ్లు వెళ్తారు. ఆ తర్వాత ఖాళీగా ఉన్న విలేజర్లని చూపించే కీ రెండుమూడు సార్లు నొక్కండి. దాడి ముగిసి రెండు నిమిషాలైనా ఇంటి వెనక నలుగురు ఊరికే నిలబడి ఉండటం చాలా ఆటల్లో కనిపిస్తుంది.

మంగోనెల్ వస్తే విలేజర్లని రెండు మూడు దిక్కులకి చెదరగొట్టండి. గుంపుగా పరుగెత్తిస్తే ఒక్క రాయికే ఐదుగురు పోతారు.

6. గోల్డ్ మీద టవర్ కడుతుంటే

ఫ్యూడల్‌లో ముగ్గురు నలుగురు ఎదుటి విలేజర్లు మీ గోల్డ్ పక్కకి వచ్చి టవర్ పునాది వేస్తారు. ఒక్కరు కడితే 80 సెకన్లు, ముగ్గురు కడితే 48. మీకున్న సమయం అంతే. పూర్తయితే దాని బాణం 8 గడుల దాకా వెళ్తుంది, మెయిన్ గోల్డ్ మొత్తం పోయినట్టే.

పునాది కనపడగానే, వాళ్లకంటే ఇద్దర్ని ఎక్కువ పంపి కడుతున్నవాళ్లని కొట్టండి. పునాదిని కొట్టడం దండగ. ఒక్కో విలేజర్‌కి ఇద్దరేసి చొప్పున కొడితే వాళ్లు కట్టడం మాని తిరిగి కొడతారు, లేదా పారిపోతారు. రెండూ మీకు లాభమే. సగానికి పైగా కట్టేశాక గమనిస్తే మాత్రం ఆ పోరు వదిలేయండి. రెండో గోల్డ్ కుప్పకి క్యాంప్ మార్చి 100 వుడ్ ఖర్చుతో బయటపడటం, టవర్ కింద విలేజర్లని పోగొట్టుకోవడం కంటే ఎంతో చవక. వాళ్లు అప్పటికే 125 స్టోన్ పెట్టారు. ఇంకో టవర్ కట్టాలంటే స్టోన్ తవ్వాలి.

7. క్యాసిల్ ఏజ్: రెండో కుప్ప, రెలిక్‌లు

కొత్త టౌన్ సెంటర్‌ని ఖాళీ నేల మీద కాకుండా రెండో గోల్డ్‌కి, ఏదైనా అడవికి మధ్య పెట్టండి. అది బాణాలు వేయాలంటే లోపల విలేజర్లు ఉండాలి, ఖాళీ టౌన్ సెంటర్ ఎవరినీ కొట్టదు. అయినా పరుగెత్తాల్సిన దూరం పది గడుల నుంచి మూడుకి తగ్గుతుంది, తవ్వే సమయం మిగిలేది అక్కడే.

తర్వాత మొనాస్టరీ, 175 వుడ్. మాంక్ 100 గోల్డ్. మ్యాప్ మీద అక్కడక్కడా ఉండే రెలిక్‌లని మాంక్ తెచ్చి మొనాస్టరీలో పెడితే, ఒక్కో రెలిక్ సెకనుకి అర గోల్డ్, అంటే నిమిషానికి 30 ఇస్తుంది. ఒక విలేజర్ నిమిషానికి 23 తవ్వుతాడు కాబట్టి, ఒక రెలిక్ అంటే ఎప్పటికీ చావని, జనాభాలో లెక్కకి రాని ఒకటింపావు విలేజర్. ఐదు రెలిక్‌లూ మీకే వస్తే నిమిషానికి 150, అదీ ఎప్పటికీ అయిపోని గోల్డ్. మొదటి రెలిక్ తెచ్చిన మాంక్ ఖర్చు మూడున్నర నిమిషాల్లో తీరిపోతుంది. అజ్‌టెక్‌లకి దీనిమీద ఇంకో మూడోవంతు ఎక్కువ వస్తుంది, వాళ్లతో ఆడుతున్నా వాళ్లమీద ఆడుతున్నా ఇది మరవకూడదు.

ఫ్యూడల్‌లోనే స్కౌట్‌తో రెలిక్‌లున్న చోట్లన్నీ చూసి ఉంచండి. ముందు తీసుకోవాల్సింది ఇద్దరికీ సమాన దూరంలో ఉన్నది, మీ ఇంటి వెనకున్నది ఆఖర్న తెచ్చుకోవచ్చు. మాంక్‌ని ఒంటరిగా పంపకండి. లైట్ క్యావల్రీ ఒక్కటి చాలు అతన్ని చంపడానికి. ఇద్దరు పైక్‌మెన్ వెంట ఉండాలి. రెలిక్ మోస్తున్న మాంక్ ఎవరినీ కన్వర్ట్ చేయలేడు (తనవైపు తిప్పుకోలేడు), చనిపోతే రెలిక్ అక్కడే నేల మీద పడుతుంది. మొనాస్టరీ కూలినా అంతే, లోపలున్నవన్నీ బయటపడతాయి. అందుకే మొనాస్టరీని ముందు వరసలో కాకుండా టౌన్ సెంటర్ వెనక కట్టండి.

8. క్యాసిల్ ఎక్కడ

క్యాసిల్‌కి 650 స్టోన్. ఆరుగురు విలేజర్లు సుమారు ఐదు నిమిషాలు తవ్వితే వస్తుంది. మెయిన్ స్టోన్‌లో ఐదు గడులుంటే మొత్తం 1750, రెండు క్యాసిల్స్‌కి పోను 450 మిగులుతుంది. స్టోన్‌ని కాపాడుకోవడమంటే ఆ రెండో క్యాసిల్‌ని కాపాడుకోవడమే. దాన్ని గోడ లోపల ఉంచే ఆలోచన మొదటినుంచీ ఉండాలి.

చోటు ఎంచుకునేటప్పుడు గోల్డ్ కుప్ప క్యాసిల్‌కీ మీ ఇంటికీ మధ్య ఉండేలా చూడండి. 8 గడుల బాణం దూరం ఎదుటివాళ్ల వైపుకి పనికొస్తుంది, విలేజర్లు దాని నీడలో తవ్వుతారు, అవసరమైతే 20 మంది లోపలికి వెళ్తారు. ట్రెబుషే మాత్రం 16 గడుల దూరం నుంచి కొడుతుంది. కాబట్టి క్యాసిల్ ముందు మీ గుర్రాలు వేగంగా చేరగల బయలు నేల ఉండాలి. ముందు దట్టమైన అడవి ఉంటే ఎదుటివాళ్లు దాని వెనక ట్రెబుషేలు పెట్టి నింపాదిగా కూలుస్తారు.

కట్టడానికి ఒక్కరికి 200 సెకన్లు పడుతుంది, ఐదుగురికి 86, పదిమందికి 50. ఎదుటివాళ్లకి కనిపించే చోట కడితే పదిమంది కంటే తక్కువతో మొదలుపెట్టకండి.

ద్రవిడియన్లతో ఆడే మనవాళ్లకి ఒక మాట. వాళ్లకి నైట్ లైన్ లేదు. చేజారిన మధ్య గోల్డ్‌ని గుర్రాలతో వేగంగా వెళ్లి తిరిగి పట్టుకోవడం కష్టం. వాళ్లకున్న బలం ఏమిటంటే ప్రతి ఏజ్‌కీ 200 వుడ్ ఉచితంగా రావడం. ఫ్యూడల్ 200ని గోడకి, రేంజ్‌కి వాడి, క్యాసిల్ ఏజ్ 200ని రెండో గోల్డ్ మీద టౌన్ సెంటర్‌కి వాడితే చేజారే అవసరమే తక్కువ పడుతుంది.

9. వాళ్ల గోల్డ్‌ని ఆపడం

ఇదంతా అద్దంలో తిప్పి చేయండి. ఫ్యూడల్‌లో ఆరేడుగురు ఆర్చర్లు వాళ్ల గోల్డ్ పక్క మిట్ట మీద నిలబడితే, ఒక్క విలేజర్‌ని చంపకపోయినా మీ ఖర్చు తిరిగొస్తుంది. టౌన్ సెంటర్ దూరం 6 గడులు, ఫ్లెచింగ్ ఉన్న ఆర్చర్‌ది 5. ఆ గీత దాటి విలేజర్లని తరమకండి, వాళ్లు లోపల దాక్కుని కొడతారు. వెనక్కి వచ్చి గోల్డ్ దగ్గరే నిలబడండి. వాళ్లు బయటికొచ్చినప్పుడల్లా మళ్లీ కాల్చండి.

ఇంపీరియల్‌లో మ్యాప్ మూలల్లో రహస్యంగా క్యాంప్‌లు పుడతాయి. రెండు మూడు నిమిషాలకోసారి రెండు లైట్ క్యావల్రీలని ఖాళీ కుప్పల చుట్టూ తిప్పండి, ఒక్కోదానికి 80 ఫుడ్ తప్ప గోల్డ్ అక్కర్లేదు.

10. గోల్డ్ అడుగంటుతున్నప్పుడు

మార్కెట్ ఉంది కదా అని ధైర్యంగా ఉండకండి. మొదటి 100 వుడ్ అమ్మితే 70 గోల్డ్ వస్తుంది, 30 శాతం రుసుము పోతుంది. అమ్మినకొద్దీ ధర పడుతుంది, 1000 వుడ్ ఒకేసారి అమ్మితే 700 కాదు, 600 దగ్గర ఆగుతుంది. ఇంకా అమ్మితే చివరికి 100కి 14 గోల్డ్ దాకా దిగుతుంది. గిల్డ్స్ అనే అప్‌గ్రేడ్ చేసుకుంటే రుసుము 15 శాతానికి తగ్గుతుంది. అమ్మే అలవాటు పడితే అది తప్పక చేయండి. స్టోన్ మొదటి ధర 130 కాబట్టి, క్యాసిల్ ఇక కట్టని ఆటలో మిగిలిన స్టోన్‌ని అమ్మడం వుడ్ అమ్మడం కంటే లాభం.

మిగిలిన గోల్డ్‌ని సాధారణ సైన్యం మీద పోయకండి. హాల్బర్డియర్లు, స్కర్మిషర్లు, హుస్సార్‌లు గోల్డ్ లేకుండా వస్తాయి, ముందు వరస వాళ్లతో నింపి, గోల్డ్‌ని ట్రెబుషేలకి (200 వుడ్, 200 గోల్డ్), మాంకులకి దాచండి.

జట్టు ఆటల్లో మాత్రం వ్యాపారం ఉంది. మీ మార్కెట్‌కీ మిత్రుడి మార్కెట్‌కీ దూరం ఎంత ఎక్కువైతే ఒక్కో బండి తెచ్చే గోల్డ్ అంత ఎక్కువ. అందుకని ఇద్దరూ మ్యాప్ వెనక మూలల్లో, ఒకరికొకరు దూరంగా కట్టుకోండి, దారికి బయటి వైపు రాతి గోడ వేయండి. హుస్సార్‌లు వచ్చేది ముందు బండ్ల కోసమే. ఒక్కో బండికి 100 వుడ్, 50 గోల్డ్. ఇరవై బండ్లకి 2000 వుడ్, 1000 గోల్డ్. కుప్పలన్నీ ఖాళీ అయ్యేదాకా ఆగితే ఆ 1000 దొరకదు, కాబట్టి మెయిన్ గోల్డ్‌లో రెండు మూడు గడులు మిగిలి ఉండగానే మొదటి ఐదు బండ్లు దారిలో పెట్టండి.